పైడిబాబు పుట్టినరోజు

నవంబర్ 11, మంగళవారం

ఈరోజు నా ఫ్లెక్సీ చిరిగింది. ఇరవై అడుగులది. "మీ అభిప్రాయమే మాకు మార్గదర్శకం" అని పసుపు మీద ఎర్రక్షరాలు, పైన రెండు పక్కలా పెద్దల ముఖాలు, కింద సముద్రం. డిజైన్లన్నీ మా ఆవిడ అమ్ములే చేస్తుంది. ఆ సముద్రం ఏ దేశానిదో, ఒడ్డున తెల్లటి ఇసుకా, గొడుగులూ ఉన్నాయి. మన రేవు ఫొటో పెట్టొచ్చు కదా అంటే, "పైనోళ్ళు సముద్రం సూడ్డానికి వత్తన్నారా ఏటి, కట్టీసి రా" అంది.

గంగమ్మపాలెంలో ప్రజాభిప్రాయ సేకరణ. మా చెల్లెలు లోవలక్ష్మిని ఇచ్చిన ఊరు. మందుల కంపెనీ ఒకటి వస్తుందట, దాని నీళ్ళు పైపు వేసి సముద్రంలోకి వదులుతారట. జనం కన్నా పోలీసులు ఎక్కువ వచ్చారు. చెల్లెలి మొగుడు పైడిబాబు మైకు అడిగి తీసుకున్నాడు. నేను వెనక తాడు బిగించుకుంటున్నాను.

"సార్, నాకు సదువు నేదు. ఒక్క మాట అడుగుతాను. ఆ నీళ్ళు శుద్ధి సేసి పంపుతారన్నారు. అంత మంచి నీళ్ళయితే సముద్రానికెందుకు సార్, మా కొళాయిల్లోకి ఒగ్గండి. మా పాలేనికి టేంకరు ఎప్పుడొత్తాదో ఆ దేవుడికే తెలవాలి."

జనం గొల్లున నవ్వారు. వేదిక మీద ఒకాయన "నమోదు చేసుకున్నాం" అన్నాడు. రాసుకునే ఆయన పెన్ను మూత తియ్యలేదు, నేను చూశాను. తరవాత మైకు ఆగిపోయింది. జనం ముందుకు తోసుకొచ్చారు, పోలీసులు వెనక్కి తోశారు, ఆ తోపులాటలో పైడిబాబు పడబోతూ ఫ్లెక్సీ అంచు పట్టుకున్నాడు. మధ్యకి బారుగా చిరిగింది. పెద్దల ముఖం ఒకటి సగమైంది.

వచ్చేటప్పుడు పైడిబాబు నవ్వుతూ, "బావా, నీ సరుకు నాణ్యం తక్కువ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ బిల్లు ఎప్పుడొస్తుందో ఏమో.

నవంబర్ 12, బుధవారం

పైడిబాబుని తీసుకుపోయారు. ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే ఇద్దరు మామూలు బట్టల్లో వచ్చి, "ఎస్సైగారు మాట్లాడతారంట, అయిదు నిమిషాలు" అన్నారట. వల మీద కత్తి అలాగే ఒదిలేసి వెళ్ళాడట. ఫోను ఆగిపోయింది.

అయిదు నిమిషాలు అంటే సాయంత్రానికి పంపేస్తారు. పోలీసుల సంగతి నాకు తెలుసు. వాళ్ళకి ఎన్ని ఫ్లెక్సీలు కొట్టాను.

నవంబర్ 13, గురువారం

పంపలేదు.

లోవలక్ష్మి పాలెం వాళ్ళని తీసుకుని అక్కడి స్టేషన్‌కి వెళ్ళింది. "మా దగ్గర లేడు. బోటేసుకుని ఎటో పోయుంటాడు" అన్నారట. బోటు ఒడ్డునే ఉంది. ఆ మాటే అంటే, "అయితే బస్సెక్కుంటాడు" అన్నారట. అనకాపల్లిలో, అంటే మా ఊరి స్టేషన్‌లో అడగమని ఎవరో సలహా ఇచ్చారు. ఆ అడగడం నామీద పడింది. ఈ ఊళ్ళో షాపు ఉన్నది నాకే కదా, స్టేషన్ గుమ్మం తొక్కగలిగేది నేనే కదా.

వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఎస్సైగారు, "ధనరాజూ, నీకే కబురు పెడదామనుకుంటున్నాను" అన్నారు. సోమవారం స్కూలు పిల్లలకి స్టేషన్ చూపిస్తారట. ఫ్లెక్సీ కావాలి. మేటర్ ఆయనే చెప్పారు: "మా తలుపులు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి." టీ కూడా ఇప్పించారు. అంత మర్యాదగా మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపి అడగడం బాగుండదు. సందర్భం కుదరలేదు.

పైగా ఇప్పుడు గట్టిగా అడిగితే కోపమొచ్చి అతన్ని ఇంకా ఏమైనా చెయ్యొచ్చు. నెమ్మదిగా అడగాలి.

నవంబర్ 14, శుక్రవారం

ఫ్లెక్సీ కొట్టాను. నీలం రంగు బాగా వచ్చింది.

నవంబర్ 15, శనివారం

లోవలక్ష్మి చేపల తట్టతో షాపుకి వచ్చింది. పొద్దున్నే రైలుకి వచ్చి ఈ ఊళ్ళో వీధులు తిరిగి అమ్ముతుంది, పోలీసు క్వార్టర్స్ దానికి పాత బేరం. మొగుడు కనిపించకపోతే ఇంట్లో కూర్చుని ఏడవాలి గానీ చేపలేమిటి అని నేను లోపల అనుకున్నాను. తట్ట దించి నీళ్ళు తాగి, నెమ్మదిగా చెప్పింది.

"సింహాచలం నేడూ, కానిస్టేబులు. నా కాడ సేప తీసుకుని ఏనాడైనా డబ్బులిచ్చేడా? 'రేపిత్తాలే అప్పా' అంటాడు. ఆడి రేపు నాను సూడ్నేదు. ఇయ్యాల బేరం ఆడకుండా ఇచ్చేడన్నయ్యా. సిల్లర వద్దన్నాడు. నా మొకం సూడకుండా తలుపేసుకున్నాడు. మా ఆయన ఈ టేసన్లోనే ఉన్నాడు."

ఎప్పుడూ ఇవ్వనివాడు ఇచ్చాడని అనుమానించడం మా వాళ్ళకే చెల్లింది. కానీ అది విన్న క్షణం నుంచీ అతను అక్కడే ఉన్నాడనడంలో నాకూ సందేహం లేదు.

"నువ్వు అడిగేవా?" అంది.

"అడిగేను. నేడన్నారు."

అబద్ధమా అంటే పూర్తిగా అబద్ధం కాదు. అడిగినా వాళ్ళు ఆ మాటే అనేవారు. కంప్యూటర్ ముందు నుంచి అమ్ములు తలెత్తి నాకేసి చూసింది. మళ్ళీ పనిలో పడింది.

నవంబర్ 16, ఆదివారం

స్టేషన్ గేటుకి ఫ్లెక్సీ కట్టడానికి వెళ్ళాను. ఈసారి అడిగాను. నిజంగా అడిగాను.

"పైడిబాబా? ఎవరతను?" అన్నారు ఎస్సైగారు. చిన్నపిల్లాడు మిఠాయి దాచుకున్నట్టు లేదు ఆయన ముఖం. ఏమీ లేనట్టే ఉంది. అది చూసే నాకు భయం వేసింది. "మా దగ్గర ఎవరూ లేరు. అయినా నీకేమవుతాడు?"

"తెలిసినవాడండి."

నా నోటితో నేనే అన్నాను. చెల్లెలి మొగుడు. పెళ్ళిలో నేను కాళ్ళు కడిగిన మనిషి. తెలిసినవాడే కదా, అందులో తప్పేముంది అని బండి స్టాండ్ తీసేదాకా అనుకుంటూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే గేటు మూసి ఉంది, దాని మీద తలుపులు తెరిచే ఉంటాయని నా నీలం అక్షరాలు.

ఈ పనిలో పన్నెండేళ్ళు. ప్లాస్టిక్ వాడొద్దని చెప్పే ప్లాస్టిక్ ఫ్లెక్సీ కొట్టాను. రోడ్డు లేని ఊరికి రోడ్డు వేసినందుకు కృతజ్ఞతలు కొట్టాను. అప్పుడంతా నవ్వుకున్నాను, కడుపు నిండుతోంది కదా అని. మేటర్ ఎవరిదో, ప్రింటు మాత్రమే నాది. ఇన్నాళ్ళూ ఆ మాట నాకు సరిపోయింది. ఈ రోజు సరిపోలేదు.

నవంబర్ 17, సోమవారం

కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. లోవలక్ష్మిని తీసుకెళ్ళాను. వరసలో నిలబడితే ఒకమ్మాయి చాలా మర్యాదగా అర్జీ రాసి, నంబరు వేసి, మంచినీళ్ళు కూడా ఇచ్చింది. విచారణకి పంపామంది. ఎవరికి పంపారమ్మా అంటే, కంప్యూటర్‌లో చూసి చెప్పింది. మా ఎస్సైగారికే.

లాయరుని అడిగితే హైకోర్టులో వెయ్యొచ్చన్నాడు. కాగితాలు కుదరడానికి వారమైనా పడుతుందట. వారంపాటు వాళ్ళు అతన్ని ఏం చేస్తారని అడిగితే, లాయరు ఫ్యాను స్పీడు పెంచాడు.

మధ్యాహ్నం స్కూలు పిల్లలు స్టేషన్‌లోకి వరసగా వెళ్ళడం చూశాను. చేతుల్లో గులాబీలు.

నవంబర్ 18, మంగళవారం

పొద్దున్నే లోవలక్ష్మి ఫోనుకి మెసేజ్ వచ్చింది. దానికి చదువు రాదు, నాకు పంపింది. "మీ అర్జీ పరిష్కరించబడినది. మీ సంతృప్తిని తెలియజేయుటకు ఒకటి నొక్కండి."

"ఏటి రాసేరన్నయ్యా?"

"పరిష్కారం అయిపోయిందట."

"అంటే వత్తన్నాడా?"

ఫోను పక్కన పెట్టేశాను. అటువైపు అది "అన్నయ్యా, అన్నయ్యా" అంటూనే ఉంది.

సాయంత్రం అమ్ములు నన్ను నిలబెట్టి అడిగేసింది. "ఆడి ఫొటో ఏసి, కనపడ్డం లేదని పెద్ద ఫ్లెక్సీ కట్టీవచ్చు కదా. ఊరందరివీ కడతావు."

"అది కట్టడానికి పర్మిషన్ కావాలి. పర్మిషన్ ఇచ్చేది ఆ స్టేషనే. చాటుగా కట్టినా పది నిమిషాల్లో పీకేత్తారు, నన్నూ లోనేత్తారు."

అప్పుడే బయట ఇద్దరు ఎవరో వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ తీసుకోవడానికి వచ్చారు. నల్లకళ్ళజోడు పెట్టుకుని నడిచి వస్తున్న ఫొటో, వెనక పులి, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ముఖాలు గుండ్రటి బిళ్ళల్లో. స్టేషన్ ఎదురుగానే కడతామన్నారు. పర్మిషన్ ఉందా అని అమ్ములు అడిగింది. పుట్టినరోజుకి పర్మిషనేంటక్కా అని నవ్వేసి పోయారు.

అమ్ములు నాకేసి చూసింది.

"పైడిబాబు పుట్టినరోజు ఎప్పుడు?"

"ఎవరికి తెల్సు. ఆడికే తెలీదు."

"అయితే రేపే" అంది.

గంటలో పాలెం నుంచి ఫొటోలు రావడం మొదలైంది. సెల్ఫీలు, ఆధార్ ఫొటోలు, ఒకడు పెళ్ళి ఫొటోలోంచి పెళ్ళాన్ని కత్తిరించి పంపాడు. ముసలి మామ కొర్లయ్య వల భుజాన వేసుకుని దిగి పంపాడు. అమ్ములు అన్నీ గుండ్రంగా కోసి కింద పేర్చింది. పైడిబాబుకి నల్లకళ్ళజోడు పెట్టింది, వెనక పులి బదులు సొరచేప. పైన: "గంగపుత్రుడు, జననాయకుడు శ్రీ పైడిబాబు గారికి జన్మదిన శుభాకాంక్షలు." కింద చిన్నగా: "తమరు ఎక్కడ ఉన్నా క్షేమంగా ఉండాలని, త్వరగా ఇంటికి రావాలని కోరుకుంటూ, భార్యాబిడ్డలు, గంగమ్మపాలెం మత్స్యకారులు."

నా ఫొటో ఎక్కడ పెట్టమంటావని అడిగింది. చోటు సరిపోదన్నాను. మూలన షాపు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి మామూలుగా. అవి తీసెయ్యమన్నాను. తీసేసింది.

చోటు నిజంగానే సరిపోలేదు. చివరి వరసలో ముఖాలు చాలా ఇరుగ్గా ఉన్నాయి.

నవంబర్ 19, బుధవారం

పట్టపగలే కట్టారు. దొంగచాటుగా కడితే అడుగుతారు, పగలు నిచ్చెన వేసుకుని కడితే ఎవడూ అడగడు. పాలెం కుర్రాళ్ళు నలుగురు, స్టేషన్ ఎదురుగా, వార్డు నాయకుడి పులి పక్కన. నేను వీధి చివర బండి ఆపి చూశాను.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. తరవాత టీకొట్టు దగ్గర ఒకాయన, "ఈ కొత్త నాయకుడెవడ్రా" అన్నాడు. పక్కాయన కింద చదివాడు. "ఎక్కడున్నా అంటారేటి, ఎక్కడున్నాడేటి?" అక్కడి నుంచి మాట పాకింది. ఆటోవాళ్ళు ఆగారు. బెల్లం మార్కెట్ నుంచి వస్తున్న బళ్ళు ఆగాయి. ఒకామె బస్సు కిటికీలోంచి ఫొటో తీసింది.

అప్పుడు లోవలక్ష్మి కొత్త చీర కట్టుకుని, చాక్లెట్ల డబ్బా పట్టుకుని స్టేషన్‌లోకి నడిచింది. ఇది ఎవరో చెప్పింది కాదు, దానికే తోచింది. గేటు దగ్గర ఉన్నవాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఇచ్చిందట. "మా ఆయన పుట్టినరోజు బాబూ. నోరు తీపి సేసుకోండి." పుట్టినరోజు చాక్లెట్ ఇస్తే వద్దనేవాడు ఎవడుంటాడు. తీసుకున్నారు. సింహాచలం చాక్లెట్ చేతిలో పట్టుకుని లోపలికి పోయి మళ్ళీ బయటికి రాలేదట. ఎస్సైగారికీ ఇచ్చింది. "మీరు కూడా ఒక మాట దీవించండి బాబూ, ఎక్కడున్నా సల్లగా ఉండాలని."

విలేఖర్లు వచ్చేసరికి అది గుమ్మం మెట్ల మీద కూర్చుని మిగిలిన చాక్లెట్లు దారినపోయేవాళ్ళకి పంచుతోంది. పొట్టిది, చిన్నప్పుడు కుక్కని చూస్తే నా వెనక దాక్కునేది. కళ్ళనీళ్ళు వచ్చాయి. బండి దిగలేదు.

మూడింటికి ఎస్సైగారి ఫోను. "ధనరాజూ, ఈ ఫ్లెక్సీ ఎవడు కొట్టాడు?"

"తెలీదండి. వైజాగ్ ప్రింటులా ఉందండి."

"అలాగా" అన్నారు. అంతే, ఫోను పెట్టేశారు.

నవంబర్ 20, గురువారం

పైడిబాబుని కోర్టులో పెట్టారు. బతికే ఉన్నాడు.

నిన్న సాయంత్రం బస్ కాంప్లెక్సులో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నారట. ఇన్నాళ్ళూ పరారీలో ఉన్నాడట. రేపు పేపర్లో కూడా అదే వస్తుంది. కేసు: విధులకు ఆటంకం, ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. ఆస్తి అంటే నా ఫ్లెక్సీ. బిల్లు ఇంకా రాలేదు కాబట్టి లెక్క ప్రకారం అది ఇంకా నాదే. నా ఆస్తి చించినందుకు నా బావని దాచారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కుంటుతున్నాడు. మేజిస్ట్రేటుగారు ఏమైనా కొట్టారా అని అడిగితే, వెనకనున్న పోలీసుల వైపు చూసి, "నేదండి, పడ్డాను" అన్నాడు. లోవలక్ష్మి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

నవంబర్ 24, సోమవారం

బెయిలు వచ్చింది. ఇంటికి తీసుకొచ్చి వేడినీళ్ళు కాచి పోశాం. వీపు చూసి అమ్ములు లోపలికి వెళ్ళిపోయింది. అన్నం తింటూ పైడిబాబు ఫ్లెక్సీ ఫొటో ఫోనులో పెద్దది చేసి ఒక్కొక్క ముఖం చూశాడు.

"కొర్లయ్య మామ భలే దిగేడు. ఈడెవడు, పెళ్ళాన్ని కత్తిరించేసేడా?" నవ్వాడు. నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టి ఆగాడు. వెతుకుతూ వెతుకుతూ చివరి వరసకొచ్చాడు. "అందరూ ఉన్నారు బావా. నీది ఏదీ?"

"చోటు సాల్లేదు."

"అవును, ఇరుగ్గానే ఉంది" అన్నాడు. పులుసు ఇంకొంచెం వడ్డించమన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నిజంగానే చోటు లేదనుకున్నాడో, నన్ను కాపాడాడో తెలియదు. రెండోదే అయుంటుంది. స్టేషన్‌లో ఫ్లెక్సీ ఎవడు కొట్టాడని అతన్నీ అడిగారట, మోకాళ్ళ మీద కొట్టి మరీ అడిగారట. నాకు లోవలక్ష్మి చెప్పింది. అతను చెప్పలేదు.

సిగ్గుగా ఉంది. ఇక్కడ రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

నవంబర్ 25, మంగళవారం

పని చేయలేదు.

నవంబర్ 27, గురువారం

మధ్యాహ్నం షాపు ముందు ఒకావిడ చాలాసేపు నిలబడింది. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చింది. పేరు మరిడమ్మ, రోలుగుంట అవతల కొండ కింద ఊరట. జాకెట్టులోంచి చిన్న ఫొటో తీసింది. మీసం సరిగా రాని కుర్రాడు.

"మా కొడుకు అయ్యప్ప, బాబూ. బస్సులోంచి దింపి అట్టుకుపోనారు. గంజాయి కేసని ఒకలు, ఆడు మా కాడ నేడని ఒకలు. అన్ని టేసన్లూ తిరిగేను. మీ కాడ పుట్టినరోజు బేనరు కట్టిత్తే మనిసిని సూపెడతారంట కదా."

"ఎవరు చెప్పారమ్మా?"

"సంతలో అందరూ అంటన్నారు. ధనరాజు కొట్టంట."

అంటే ఊరందరికీ తెలుసు. ఎస్సైగారికీ తెలుసన్నమాట, ఆ రోజు అలాగా అన్నప్పుడే తెలుసు. పేరు తీసేసి నేను ఎవరినుంచి దాక్కున్నానో నాకే అర్థం కాలేదు.

అమ్ములు కుర్రాడి ఫొటో స్కాన్ చేసి పెద్దది చేసింది. శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫొటోలు అడిగింది. మరిడమ్మ చుట్టూ చూసింది. "ఎవలున్నారమ్మా నాకు. నానొక్కదాన్నే." ఆవిడని గోడ ముందు నిలబెట్టి అమ్ములే ఫోనుతో ఫొటో తీసింది. గుండ్రంగా కోసి పెట్టింది. అంత పెద్ద ఫ్లెక్సీలో కింద ఒక్క ముఖం. చుట్టూ చోటే చోటు.

నేను వెళ్ళి ఆ గోడ ముందు నిలబడ్డాను. అమ్ములు నన్ను చూసి, ఫోను ఎత్తి, "తల తిన్నగా పెట్టు" అంది. షాపు పేరూ, నా పేరూ, ఫోన్ నంబరూ పెద్దక్షరాల్లో వెయ్యమన్నాను.

పుట్టినతేదీ దగ్గర ఏం వెయ్యాలని అడిగింది. మరిడమ్మకి తెలియదు.

రేపటిది వెయ్యమన్నాను.